నేతిబీర గేట్లు

ఏటా ప్రాజెక్టు బ్యాచ్‌ల లిస్టు మన ఈసీఈ నోటీసు బోర్డు ఎక్కుతుంది. బ్యాచ్ నంబర్లు మారతాయి, పేర్లు మారతాయి, ఒక టైటిల్ మాత్రం మారదు: "రివర్సిబుల్ లాజిక్ గేట్లతో డిజిటల్ చిత్రాల ఎన్‌క్రిప్షన్". కొందరు ముందు "లో పవర్" తగిలిస్తారు. కొందరు వెనక "టెలిమెడిసిన్ కోసం" అని తగిలిస్తారు. అమీర్‌పేట వైపు వెళ్తే కోడు, రిపోర్టు, పీపీటీ మూడూ కలిపి కట్టి ఇచ్చేవాళ్ళు కూడా దొరుకుతారు, అది వేరే కథ.

డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉన్న ఇలాంటి రిపోర్టులు ఐదారు కూర్చుని చదివాను. అన్నిటికీ చివరి పేజీలో ఒకే వాక్యం. ఇంగ్లీషులో అది చాలా గంభీరంగా ఉంటుంది. సాహితీ క్లబ్బు జబ్బు కదా, తెలుగులో పెట్టి చూశాను: "మేము ప్రతిపాదించిన పద్ధతి తక్కువ విద్యుత్తుతో ఎక్కువ భద్రత ఇస్తుంది." తెలుగులోకి రాగానే ఆ వాక్యానికి కాళ్ళు వణికాయి. దేనికంటే తక్కువ? ఎవరి నుంచి భద్రత? మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే మొదట అడిగేవి ఈ రెండే. ఇంగ్లీషులో ఉన్నంతసేపూ గైడూ అడగలేదు, ఎక్స్‌టర్నలూ అడగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గేటు రివర్సిబుల్ అయినంత మాత్రాన రహస్యం పుట్టదు. మనం చేసే పద్ధతిలో కరెంటూ తగ్గదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంత ఉంటుందో ఈ రిపోర్టుల్లో ఆ రెండూ అంతే ఉన్నాయి. అలాగని టాపిక్ పారేయమనడం లేదు. దాని వెనకున్న అసలు ఆలోచన మన సిలబస్‌లో ఉన్న చాలా వాటికంటే అందమైంది. దాన్ని మొదటి చాప్టర్లో ఒక పేరాకి కుదించి, ఆ పేరానే పదేళ్ళుగా కాపీ కొడుతున్నాం, నా బాధ అదీ.

సీఎస్‌ఈ, మెకానికల్ మిత్రులు కూడా చదువుతారు కాబట్టి గేట్ల సంగతి కొంచెం నెమ్మదిగా. అండ్ గేటుకి రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. అవుట్‌పుట్ 1 వస్తే లోపలికి వెళ్ళినవి రెండూ 1 అని తెలుస్తుంది. 0 వస్తే? 00 కావచ్చు, 01 కావచ్చు, 10 కావచ్చు. ఏదో చెప్పే దారి లేదు, సమాచారం కొంత పోయింది. రివర్సిబుల్ గేటులో ఇలా పోదు. ఎన్ని తీగలు లోపలికి వెళ్తే అన్నే బయటికి వస్తాయి, ప్రతి అవుట్‌పుట్‌కీ ఒకే ఒక్క ఇన్‌పుట్ ఉంటుంది. వికటకవిలా వెనక నుంచి చదివినా అదే రావడం కాదిది. వెనక్కి నడిస్తే బయల్దేరిన గుమ్మానికే చేరడం.

మన రిపోర్టుల్లో ఎక్కువగా తిరిగేవి మూడు. ఫైన్‌మన్ గేటుకి రెండు తీగలు: మొదటిది అలాగే బయటికి వస్తుంది, రెండోది మొదటిదానితో ఎక్సార్ అయి వస్తుంది. టోఫోలీ గేటుకి మూడు: మొదటి రెండూ మారవు, ఆ రెండూ 1 అయితేనే మూడోది తిరగబడుతుంది. ఫ్రెడ్కిన్ గేటుకీ మూడే: మొదటిది 1 అయితే మిగతా రెండూ చోటు మార్చుకుంటాయి, లేకపోతే లేదు. ఈ మూడింటినీ వరసగా రెండుసార్లు వేస్తే మొదటికి వచ్చేస్తాం. డిక్రిప్షన్ కోసం వేరే సర్క్యూట్ గీసే పని తప్పుతుంది, ఇది నిజంగా సుఖమే.

ఇవి ఎందుకు పుట్టాయో చూడండి. 1961లో ఐబీఎంలో పనిచేస్తున్న రోల్ఫ్ లాండౌర్ ఒక మాట అన్నాడు: ఒక బిట్ సమాచారాన్ని చెరిపేస్తే కనీసం ఇంత వేడి పుట్టి తీరాలి, అది ప్రకృతి వసూలు చేసే పన్ను అని. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ పన్ను సుమారు 2.9 జెప్టోజౌల్స్. అంటే దశాంశ బిందువు తర్వాత ఇరవై సున్నాలు పెట్టి, ఆ తర్వాత 29 రాయాలి. 1973లో అదే ఐబీఎంలో చార్లెస్ బెన్నెట్, ఏదీ చెరపకుండానే ఏ లెక్కనైనా చేయొచ్చని చూపించాడు. లెక్క చేసుకుంటూ దారి గుర్తు పెట్టుకో, జవాబు పక్కన రాసుకో, అదే దారిలో వెనక్కి వెళ్ళి చిత్తు కాగితాన్ని తెల్లగా చేసేయ్. చెరిపినట్టు కాదు, చేసిన పనిని విప్పేసినట్టు. 1982లో ఫ్రెడ్కిన్, టోఫోలీ బిలియర్డ్ బంతులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ లెక్కలు చేసే యంత్రాన్ని ఊహించారు. లాండౌర్ చెప్పిన ఆ హద్దుని 2012లో ఒక్క సూక్ష్మ కణంతో ప్రయోగం చేసి నిర్ధారించారు. ఆలోచన అరవైల్లోది, రుజువు మన చిన్నప్పటిది.

ఇప్పుడు మన ల్యాబ్‌కి వద్దాం. మనం ఏం చేస్తాం? వెరిలాగ్‌లో ఫ్రెడ్కిన్ గేటుకి ఒక మాడ్యూల్ రాస్తాం, ఎఫ్‌పీజీఏ బోర్డులో దింపుతాం. ఆ బోర్డులో ఫ్రెడ్కిన్ గేట్లుండవు, లుక్-అప్ టేబుళ్ళుంటాయి. మనం రాసిందాన్ని టూలు ఆ టేబుళ్ళలోకి సర్దేస్తుంది. గేటు వెనక్కి నడవడం కోసం పెట్టిన అదనపు అవుట్‌పుట్లు ఉంటాయి చూడండి, గార్బేజ్ అవుట్‌పుట్లు, అవి ఎక్కడా వాడకపోతే సింథసిస్‌లో టూలు వాటిని నిర్మొహమాటంగా కోసి పారేస్తుంది. వార్నింగుల్లో ఆ సంగతి రాస్తుంది కూడా. మనం వార్నింగులు చదవం. అంటే రిపోర్టులో ఉన్న రివర్సిబుల్ సర్క్యూట్ బోర్డులోకి దిగేసరికి మామూలు సర్క్యూట్ అయిపోయింది.

అంకెల్లో ఇంకా తెలుస్తుంది. ఒక చిన్న నోడ్ కెపాసిటెన్స్ 1 ఫెమ్టోఫారడ్, వోల్టేజి 1 వోల్టు అనుకుందాం. దాన్ని ఒకసారి ఛార్జి చేస్తే వేడిగా పోయేది సగం సీవీ స్క్వేర్, అంటే 0.5 ఫెమ్టోజౌల్. లాండౌర్ పన్నుతో పోలిస్తే ఇది సుమారు 1,70,000 రెట్లు. లక్షా డెబ్బై వేల రూపాయలు బిల్లు కట్టే ఇంట్లో ఒక్క రూపాయి ఆదా చేయడానికి, అదనంగా నాలుగు గదులు కట్టి లైట్లు వేసినట్టుంది మన పద్ధతి. ఎందుకంటే రివర్సిబుల్‌గా రాస్తే గేట్లూ తీగలూ పెరుగుతాయి, తగ్గవు. వోల్టేజిని మెల్లగా ఎక్కించి మెల్లగా దించి, ఛార్జిని తిరిగి సోర్సుకే పంపే అడియాబాటిక్ సర్క్యూట్లు కడితే అప్పుడు కథ వేరు. అలా కట్టేవాళ్ళ పనికి నమస్కారం. మనది ఆ పని కాదు.

పవర్ సంగతి ఫర్వాలేదు, ఎవరికీ నష్టం లేదు. భద్రత అలా కాదు.

రిపోర్టుల్లో ఎక్కువగా చూపించే ఉదాహరణ మెడికల్ ఇమేజ్. పీహెచ్‌సీలో తీసిన స్కాన్ జిల్లా ఆసుపత్రికి పంపుతున్నారనుకుందాం. మొదట ఫైన్‌మన్ గేటు. పై తీగ మీద కీ బిట్, కింది తీగ మీద పిక్సెల్ బిట్ పెడతారు. బయటికి వచ్చేది కీ, పిక్సెల్ రెండింటి ఎక్సార్. దీని పేరు ఫైన్‌మన్ గేటు కావచ్చు గానీ ఈ పని ఫైన్‌మన్ పుట్టక ముందు నుంచీ కాకపోయినా మనం పుట్టక చాలా ముందు నుంచీ ఉంది. కీ బొమ్మంత పొడుగుండి, నిజంగా యాదృచ్ఛికమై, ఒక్కసారే వాడితే దాన్ని ఎవరూ విప్పలేరని 1949లో క్లాడ్ షానన్ నిరూపించి పెట్టాడు కూడా. కానీ మనవాళ్ళు అలా వాడరు. 64 కిలోబైట్ల బొమ్మకి 64 కిలోబైట్ల కీ అంటే, ఆ కీని భద్రంగా పంపగలిగినవాడు బొమ్మనే పంపేస్తాడు కదా! అందుకని ఒక 16 బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టి, అది కక్కే బిట్లనే కీగా వాడతారు.

బ్రెయిన్ ఎంఆర్‌ఐ బొమ్మ ఎప్పుడైనా చూశారా? తల చుట్టూ అంతా నలుపు. చాలా ఫైళ్ళలో అక్కడ పిక్సెల్ విలువ సరిగ్గా 0. సున్నాతో ఎక్సార్ చేస్తే ఏం వస్తుంది? కీనే వస్తుంది. అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన బొమ్మ మూలల్లో మన కీ అచ్చేసినట్టు పడుంది. ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ అమరిక తెలిస్తే 16 బిట్లు చాలు, అంటే రెండు పిక్సెళ్ళు. తెలియకపోయినా బెర్లెకాంప్-మాస్సీ పద్ధతితో 32 బిట్లు చాలు, నాలుగు పిక్సెళ్ళు. నల్లటి మూలలో నాలుగు పిక్సెళ్ళు దొరికితే ఆ పేషెంటు మెదడు మొత్తం మన చేతిలో ఉంటుంది. "మా గేటు అమరిక శత్రువుకి తెలియదు" అని ఒక రిపోర్టులో చదివాను. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అన్నాడు, యంత్రం శత్రువు చేతిలో పడ్డా ఇబ్బంది లేకుండా ఉండాలని. మన యంత్రం సంగతి సరే, రిపోర్టు సాఫ్ట్ కాపీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

కొంచెం తెలివైన బ్యాచ్‌లు ఎక్సార్ బలహీనమని గ్రహించాయి. నిజానికి ఇక్కడ ఒక ముచ్చటైన లెక్కుంది. రెండు తీగల రివర్సిబుల్ గేట్లు మొత్తం 24, అంటే 4 ఫ్యాక్టోరియల్. ఆ 24నీ కేవలం ఎక్సార్, నాట్‌లతోనే రాసేయొచ్చు. ఒక్కటి కూడా తప్పించుకోదు. అంటే రెండు తీగల గేట్లని ఎంత అడ్డదిడ్డంగా పేర్చినా చివరికి అది ఇంటర్‌లో చేసిన సైమల్టేనియస్ ఈక్వేషన్ల లెక్కే, కూర్చుని సాధిస్తే విడిపోతుంది. మూడు తీగలకి వెళ్తే 8 ఫ్యాక్టోరియల్, 40,320 గేట్లు. వాటిలో ఎక్సార్, నాట్‌లకి లొంగేవి 1,344 మాత్రమే. మిగతా 38,976 లొంగవు. టోఫోలీ, ఫ్రెడ్కిన్ ఆ లొంగని వాటిలోవి. కాబట్టి టోఫోలీ వాడదాం అనుకోవడం సరైన ఆలోచనే.

వాడిన తీరే కొంప ముంచింది. రెండు కంట్రోల్ తీగల మీదా కీ బిట్లు పెట్టి, మూడో తీగ మీద పిక్సెల్ బిట్ పెట్టారు. అప్పుడు పిక్సెల్‌కి సంబంధించినంత వరకు అది మళ్ళీ ఎక్సారే. పైగా రెండు కీ బిట్లూ 1 అయితేనే తిరగబడుతుంది. యాదృచ్ఛిక కీ అయితే అది నాలుగింట ఒకసారే జరుగుతుంది. మిగతా ముప్పాతిక వంతు బిట్లు ఉన్నవి ఉన్నట్టే బయటికి వస్తాయి. ఎనిమిది బిట్లూ చెక్కుచెదరని పిక్సెళ్ళే సుమారు పదింట ఒకటి. నేను మ్యాట్‌ల్యాబ్‌లో కెమెరామ్యాన్ బొమ్మ మీద వేసి చూశాను. వర్షంలో నిలబడ్డట్టు కనిపిస్తున్నాడు, ట్రైపాడ్‌తో సహా. ఫైన్‌మన్ గేటే నయం. మూడు తీగలు, పెద్ద పేరు, తక్కువ రహస్యం.

ఫ్రెడ్కిన్ ఇంకా తమాషా. అది బిట్లని అటూ ఇటూ మారుస్తుంది గానీ 1లని పుట్టించదు, చంపదు. ఎన్ని 1లు లోపలికి వెళ్తే అన్నే బయటికి. కీని కంట్రోల్ తీగ మీద పెట్టి, ఒకే పిక్సెల్‌లోని బిట్లని తారుమారు చేస్తే పూర్తి నలుపు పిక్సెల్ నలుపుగానే ఉంటుంది, పూర్తి తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఆ ఎంఆర్‌ఐ బొమ్మలో తల ఆకారం గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇల్లంతా తాళాలేసి గోడలు కట్టడం మర్చిపోయినట్టు.

"అలాంటప్పుడు టెస్టుల్లో ఎలా పాసయ్యాయి?" అనొచ్చు మీరు. ఇక్కడే అసలు పితలాటకం. మన రిపోర్టుల్లో భద్రతకి రుజువుగా హిస్టోగ్రామ్, ఎంట్రపీ, కోరిలేషన్ పెడతారు. ఎంట్రపీ 7.99 వచ్చిందా, సెక్యూర్. ఇందాకటి 16 బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్‌నే తీసుకోండి, పూర్తి పీరియడ్ ఉన్నది. దానితో ఒక 256×256 పూర్తి నల్ల బొమ్మని ఎన్‌క్రిప్ట్ చేస్తే 0 నుంచి 255 దాకా ప్రతి విలువా దాదాపు సరిగ్గా 256 సార్లు వస్తుంది. హిస్టోగ్రామ్ బల్లపరుపు. ఎంట్రపీ ఇంచుమించు 8. నిజమైన యాదృచ్ఛిక శబ్దానికే ఆ సైజులో 7.997 దగ్గర వస్తుంది. అంటే నాలుగు పిక్సెళ్ళతో కూలిపోయే పద్ధతికి ఈ టెస్టులో అసలైన దానికంటే ఎక్కువ మార్కులొచ్చాయి! రుద్రాక్షలు లెక్కపెట్టి సాధువో కాదో తేల్చినట్టుంది. ఈ కొలతలు ఫెయిలైతే పద్ధతి చెడ్డదని చెప్పొచ్చు. పాసైతే మంచిదని చెప్పలేం. మన రిపోర్టులన్నీ ఆ రెండో వాక్యం మీదే నిలబడి ఉన్నాయి.

(లీనా బొమ్మ గురించి కూడా ఒక మాట. అది 1972 నవంబరు ప్లేబాయ్ పత్రికలోది. ఆ బొమ్మ ఉన్న పేపర్లు 2024 ఏప్రిల్ నుంచి తీసుకోబోమని ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ చెప్పేసింది. మన రిపోర్టుల్లో ఆవిడ ఇంకా టోపీ పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఇకనైనా వదిలేద్దాం.)

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే. ఈ రిపోర్టుల్లో "రివర్సిబుల్" అనేదాన్ని కొత్త సుగుణంలా చెప్తారు. రివర్సిబుల్ కాని ఎన్‌క్రిప్షన్ ఎక్కడుంది చెప్పండి? కీ తెలిసినవాడు వెనక్కి రాలేకపోతే దాన్ని ఎన్‌క్రిప్షన్ అనరు, ఫైలు పాడైపోయింది అంటారు. అంతకంటే ముఖ్యం, ఐబీఎంలోనే హోర్స్ట్ ఫైస్టెల్ అనే ఆయన ఒక నిర్మాణం కనిపెట్టాడు, 1977లో ప్రమాణంగా వచ్చిన డీఈఎస్ దాని మీదే కట్టారు. డేటాని రెండు ముక్కలు చేస్తారు. కుడి ముక్కని ముట్టుకోరు. కుడి ముక్కనీ కీనీ కలిపి ఏదో ఒక గజిబిజి ఫంక్షన్‌లో వేసి, వచ్చినదాన్ని ఎడమ ముక్కతో ఎక్సార్ చేస్తారు. ఇప్పుడు టోఫోలీ గేటుని మళ్ళీ చూడండి. కంట్రోల్ తీగలు మారవు, వాటి అండ్‌ని మూడో తీగతో ఎక్సార్ చేస్తారు. రెండూ ఒకే ఎముకల గూడు! లోపలి ఫంక్షన్ వెనక్కి రానిదైనా సరే, మొత్తం మాత్రం వెనక్కి వస్తుంది. వేడి గురించి ఆలోచిస్తున్నవాళ్ళూ రహస్యం గురించి ఆలోచిస్తున్నవాళ్ళూ చెరో దారిలో వచ్చి ఒకే చెట్టు కింద ఆగారు. మన రిపోర్టుల్లో ఒక్కదాంట్లో కూడా ఈ మాట లేదు. ఇది తెలిస్తే కీ ఎక్కడ పెట్టాలో, పిక్సెల్ ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది: పిక్సెల్ బిట్లు కూడా కంట్రోల్ తీగలెక్కాలి, మళ్ళీ మళ్ళీ, చాలా రౌండ్లు.

"బీటెక్ ప్రాజెక్టే కదా గురూ, ఇంత ఆవేశం దేనికి?" అని మా హాస్టల్లో ఇప్పటికే అన్నారు. నిజమే, మన కోడు తీసుకెళ్ళి ఏ ఆసుపత్రీ పెట్టుకోదు. మనం మొబైల్లో ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని ఏఈఎస్‌తో చుట్టి పంపుతుంది, రివర్సిబుల్ గేట్ల కోసం ఎదురుచూడదు. బొమ్మలకి ఏఈఎస్ నెమ్మది అని మన రిపోర్టుల్లో రాస్తారు గానీ, దానికోసం ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లు ఇంటెల్ ప్రాసెసర్లలో 2010 నుంచే ఉన్నాయి. కోడు ఎవరూ పెట్టుకోరు సరే, మనల్ని పెట్టుకుంటారు. మన బ్యాచ్‌లో ఎవరో ఒకరు రేపు ఏదో కంపెనీలో రోగుల రికార్డులో, బ్యాంకు స్కానులో దాచే పని చూస్తారు. "గందరగోళంగా కనిపిస్తోంది కాబట్టి భద్రం" అన్న నమ్మకం డిగ్రీతో పాటు వాళ్ళ వెంట వెళ్తుంది. దాన్ని ఎనభై పేజీల హార్డ్ బైండింగ్‌లో గోల్డ్ అక్షరాలతో అచ్చేసి మనమే ఇస్తున్నాం.

ఎదుటివాళ్ళ వాదనలో బలమైంది ఒకటుంది, అది దాటేస్తే అన్యాయం. చిప్ తాగే కరెంటుని కొలిచి కీని పట్టేసే పద్ధతిని 1999లో పాల్ కోచర్ బృందం ప్రచురించింది. 0కీ 1కీ ఒకేలా కరెంటు తాగే సర్క్యూట్ ఉంటే ఆ దాడి కష్టమవుతుంది, రివర్సిబుల్ లాజిక్ అందుకు పనికొస్తుందని రాసినవాళ్ళున్నారు. ఇది ఆలోచించాల్సిన దారి. కాకపోతే అలా అనాలంటే ఆసిలోస్కోప్ పట్టుకుని కొలవాలి. మ్యాట్‌ల్యాబ్‌లో సబ్‌ప్లాట్ గీస్తే కుదరదు. ఇంకో దారి క్వాంటం. అక్కడ గేట్లు రివర్సిబుల్‌గా ఉండటం ఫ్యాషన్ కాదు, తప్పనిసరి. ఏఈఎస్‌ని టోఫోలీ గేట్లలోకి మార్చి, దాన్ని గ్రోవర్ పద్ధతితో బద్దలు కొట్టాలంటే ఎన్ని క్యూబిట్లు కావాలో లెక్కగట్టిన పేపర్లున్నాయి. టోఫోలీ గేటు సొంతూరు అది.

కాబట్టి ఈ సెమిస్టర్లో టైటిల్ ఇవ్వబోయే జూనియర్లకి నాదొక విన్నపం. అదే టాపిక్ తీసుకోండి, టైటిల్ తిరగేయండి. "రివర్సిబుల్ గేట్లతో ఎన్‌క్రిప్షన్" బదులు "సీనియర్ల రివర్సిబుల్ ఎన్‌క్రిప్షన్‌ని విప్పడం" అని పెట్టండి. కీ ఇవ్వకుండా వాళ్ళ అవుట్‌పుట్ బొమ్మ మాత్రమే తీసుకుని మొదలెట్టండి. ముందు నల్ల బొమ్మ వేయండి, తర్వాత తెల్లది, తర్వాత ఒక్క పిక్సెల్ మాత్రమే వేరుగా ఉన్న రెండు బొమ్మలు. సీనియర్లు కోప్పడరు, నేను ఇద్దరిని అడిగాను, ఒకాయన నవ్వి కోడు కూడా పంపాడు. మిగతావాళ్ళ రిపోర్టులు డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో కిటికీ పక్క అల్మారాలో, కింది అరలో ఉన్నాయి. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. వెనక అట్టలో సీడీ ఉంటుంది, సీడీ డ్రైవు మాత్రం మీరే చూసుకోవాలి.